బ్రస్సెల్స్‌లో మాట... బంగారుపాళెంలో తోట!

ఎక్కడి బెల్జియం? ఎక్కడి బంగారుపాళెం? అక్కడ ఇరవై ఏడు దేశాల ప్రతినిధులు ఒక బల్ల చుట్టూ కూర్చుని పొరుగువాళ్లతో ఎలా ఉండాలి, దూరపువాళ్లతో ఎలా ఉండాలి అని తేల్చుకుంటారు. ఇక్కడ ఓ రైతు కోత కోయాలా, ఇంకో వారం ఆగాలా అని తేల్చుకోలేక సతమతమవుతుంటాడు. ఈ రెండింటికీ మధ్య ఓ గట్టి ముడి ఉంది. దాని పేరు తోతాపురి!

జూన్ వచ్చిందంటే చిత్తూరు జిల్లా రోడ్ల తీరే మారిపోతుంది. బంగారుపాళెం, పూతలపట్టు, గుడిపాల, తవణంపల్లె, ఆ పక్కన దామలచెరువు... ఏ దారిన వెళ్లినా కాయల లోడుతో ట్రాక్టర్లే. కొన్ని మండీకి, కొన్ని ర్యాంపుకి, మిగిలినవి నేరుగా గుజ్జు ఫ్యాక్టరీకి. బేనీషా, మల్లిక, కాలేపాడు లాంటివి ఇళ్లకూ బంధువులకూ వెళ్తాయి. వాటికి ఇంటింటా అభిమానులున్నారు. తోతాపురి సంగతి అలా కాదు. ముక్కు తిరిగిన ఈ కాయని ముచ్చటపడి తినేవాళ్లు తక్కువ. ఉప్పూకారం అద్దుకుని పచ్చిగా తినాల్సిందే! కానీ ఫ్యాక్టరీకి ఇదే మహారాణి. గుజ్జు ఎక్కువ, పులుపూ తీపీ సమపాళ్లు, ధర అల్ఫాన్సోలో కొంతే. అందుకే దేశంలో మామిడి గుజ్జు అనగానే రెండు పేర్లు వినిపిస్తాయి. ఒకటి చిత్తూరు, రెండోది తమిళనాడులోని కృష్ణగిరి.

మాగబెట్టిన కాయని కడిగి, తొక్కా టెంకా తీసేసి, గుజ్జుని వడగట్టి, వేడిచేసి క్రిములు చంపి, గాలి తగలని సంచిలో నింపి, ఆ సంచిని ఇనుప డ్రమ్ములో పెడతారు. ఒక్కో డ్రమ్ములో 215 కిలోలు. ఇరవై అడుగుల కంటెయినర్‌లో 80 డ్రమ్ములు పడతాయి. అంటే 17 టన్నుల పైమాటే. ఫ్రిజ్ అక్కర్లేదు, నెలల తరబడి నిల్వ ఉంటుంది. చెన్నై రేవులో ఓడ ఎక్కితే సౌదీ అరేబియా, యెమెన్, కువైట్... ఇటు నెదర్లాండ్స్. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ యూరప్ మొత్తానికీ వాకిలి లాంటిది. అక్కడ దిగిన గుజ్జు జర్మనీలో పెరుగులోనో, ఫ్రాన్స్‌లో జ్యూసులోనో, ఇంకెక్కడో పసిపిల్లల ఆహారంలోనో కలిసిపోతుంది. తినేవాళ్లకి అది ఏ ఊరి చెట్టుదో తెలీదు. ఆ ఊరివాళ్లకీ అది ఎవరి నోట్లోకి వెళ్లిందో తెలీదు!

ఆ వాకిలి తెరవాలా, మూయాలా అన్నది మాత్రం నెదర్లాండ్స్ ఒక్కటే నిర్ణయించదు.

ఈగ వాలింది... తలుపు మూసుకుంది

2014 వేసవి గుర్తుందా? ఆ ఏడాది మే 1 నుంచి భారతదేశపు మామిడిపండ్లు తమ గడప తొక్కకూడదని యూరోపియన్ యూనియన్ నిషేధం పెట్టింది. మామిడితో పాటు వంకాయ, కాకరకాయ, పొట్లకాయ, చేమ కూడా. కారణం పండు ఈగలాంటి పురుగులు. 2013లో భారత్ నుంచి వచ్చిన పండ్లు, కూరగాయల సరుకులో 207 కన్‌సైన్‌మెంట్లలో పురుగులు కనిపించాయని వాళ్ల లెక్క. ఆ ఈగ అక్కడి గాజు ఇళ్లలో పెంచే టమోటా, దోసకాయ పంటలకి అంటుకుంటే కొంప మునుగుతుందన్నది వాళ్ల భయం.

ఇక్కడే అసలు విశేషం ఉంది. మన మామిడిని యూరప్‌లో ఎక్కువగా కొనేది బ్రిటనే. అక్కడి గుజరాతీలు, పంజాబీలు, తెలుగువాళ్లు, ఇతర దక్షిణాసియా కుటుంబాలు వేసవి కోసం ఎదురుచూస్తుంటాయి. లెస్టర్ ఎంపీ కీత్ వాజ్ గొంతెత్తారు. ప్రధాని నివాసానికి అల్ఫాన్సో పండ్లు పంపించారు. నాటి ప్రధాని డేవిడ్ కామెరాన్ విషయాన్ని భారత ప్రధానితో మాట్లాడతానన్నారు. ఇంత జరిగినా బ్రిటన్ తనంతట తానుగా ఒక్క పెట్టె పండ్లయినా దించుకోలేకపోయింది! ఎందుకంటే అప్పటికి బ్రిటన్ యూనియన్ సభ్యదేశం. మొక్కల ఆరోగ్యం, సరిహద్దు తనిఖీ, దిగుమతి సుంకం... ఇవేవీ లండన్ చేతిలో లేవు. ఎవరికి ఇష్టమున్నా లేకున్నా అందరిదీ ఒకటే మాట. ఉమ్మడి విధానం అంటే అదీ!

నిషేధం నిజానికి 2015 డిసెంబరు దాకా ఉండాలి. ఈలోగా మన ప్రభుత్వం ఎగుమతి పండ్లన్నీ అపెడా గుర్తించిన ప్యాక్‌హౌస్‌ల గుండా, మొక్కల ఆరోగ్య అధికారుల కళ్ల ముందు నుంచే వెళ్లాలని కట్టుదిట్టం చేసింది. యూరప్ బృందం వచ్చి చూసి తృప్తిపడింది. 2015 జనవరి 20న మామిడి మీద నిషేధం ఎత్తేయడానికి వాళ్ల కమిటీ ఓటేసింది. కూరగాయల మీద మాత్రం అప్పట్లో కొనసాగించారు. పాపం కాకరకాయకి ఎంపీల సిఫార్సు దొరకలేదు మరి!

ఆ నిషేధం తాజా పండ్ల మీదే. వేడిచేసి డ్రమ్ములోకి ఎక్కిన గుజ్జులో ఈగ బతకదు కాబట్టి చిత్తూరు ఫ్యాక్టరీలకు నేరుగా తగల్లేదు. కానీ ఒక సంగతి మాత్రం అందరికీ బోధపడింది. అవతలివైపు ఉన్నది ఒక కొనుగోలుదారు కాదు, ఒక కూటమి. అది వద్దంటే ఒకేసారి అన్ని తలుపులూ మూసుకుంటాయి.

ఫోన్ ఎవరికి చేయాలి?

‘యూరప్‌తో మాట్లాడాలంటే ఎవరికి ఫోన్ చేయాలి?’ అని అమెరికా మాజీ విదేశాంగమంత్రి హెన్రీ కిసింజర్ అడిగాడని ఓ కథ. ఆయన నిజంగా అన్నాడన్న రుజువు లేదుగానీ కథ మాత్రం బాగా అతికింది. ఎందుకంటే యూరప్‌లో రెండు రకాల ఉమ్మడి విధానాలున్నాయి. ఒకటి సరుకులది, ఇంకొకటి సైన్యాలది. మొదటిది బండి చక్రంలా తిరుగుతుంది. రెండోది ఎడ్లు చెరోవైపు లాగినట్టుంటుంది.

సరుకుల కథ పాతది. 1957 రోమ్ ఒప్పందంతోనే ఆరు దేశాలు ఉమ్మడి వాణిజ్య విధానం అనుకున్నాయి. 1968కల్లా తమ మధ్య సుంకాలు తీసేసి, బయటివాళ్లకి ఒకటే సుంకం పెట్టాయి. అప్పట్నుంచి బయటి దేశాలతో బేరం ఆడేది బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ కమిషనే. ఈ విషయాల్లో ఓటింగ్ కూడా సులువు. మంత్రుల మండలిలో 55 శాతం దేశాలు, వాటిలో యూనియన్ జనాభాలో 65 శాతం మంది ఉంటే చాలు. తీర్మానం నెగ్గినట్టే.

విదేశాంగ విధానం అలా కాదు. 1993లో అమల్లోకి వచ్చిన మాస్ట్రిక్ట్ ఒప్పందంతో ‘ఉమ్మడి విదేశాంగ, భద్రతా విధానం’ అని పేరు పెట్టుకున్నారు. పేరైతే పెట్టారుగానీ నిర్ణయానికి అందరూ ఒప్పుకోవాలన్నది షరతు. ఒక్క దేశం అడ్డం తిరిగితే బండి ఆగిపోతుంది. 2003లో ఇరాక్ యుద్ధం వచ్చినప్పుడు బ్రిటన్, స్పెయిన్, ఇటలీ అమెరికా వెంట నిలబడ్డాయి. ఫ్రాన్స్, జర్మనీ వద్దన్నాయి. ఉమ్మడి విధానం ఊసే లేకుండా పోయింది. 2009లో లిస్బన్ ఒప్పందం వచ్చాక ఉన్నత ప్రతినిధి పదవికి బలం పెంచి, విదేశాంగ సర్వీసు ఏర్పాటుచేశారు. కేథరిన్ ఆష్టన్, ఫెడెరికా మొగెరీని, జోసెప్ బొరెల్... 2024 డిసెంబరు నుంచి ఎస్టోనియా మాజీ ప్రధాని కాయా కల్లాస్. ఫోన్ నంబరు అయితే దొరికింది. ఎత్తినవాళ్లు మాత్రం ‘ఇరవై ఏడుగుర్ని అడిగి చెబుతాం’ అనక తప్పని పరిస్థితి! రష్యా మీద ఆంక్షల విషయంలో హంగేరీ ఎన్నిసార్లు మెలికపెట్టిందో చూశాం.

అందుకే యుద్ధం గురించి ఒక్క మాట మీదకు రావడానికి తంటాలుపడే యూరప్, మామిడికాయ దగ్గరకొచ్చేసరికి ఉక్కుముక్కలా ఉంటుంది. రైతుకి తగిలేది ఈ రెండో యూరపే.

ముందు పొరుగు... తర్వాతే దూరం

ఏ ఇంటివాళ్లయినా ముందు పక్కింటివాళ్లతో బాగుండాలనుకుంటారు. యూరప్ కూడా అంతే. 2004లో ఒకేసారి పది దేశాలు కొత్తగా చేరి సరిహద్దు తూర్పుకి జరిగింది. ఆ ఏడాదే ‘పొరుగు విధానం’ తెచ్చారు. మొరాకో, ఈజిప్టు నుంచి ఉక్రెయిన్, అజర్‌బైజాన్ దాకా 16 పొరుగులు దాని పరిధిలోకి వస్తాయి. సంస్కరణలు చేపట్టండి, మా మార్కెట్ తెరుస్తాం, నిధులిస్తాం అన్నది దాని సారం. చుట్టూ స్నేహితుల వలయం ఉండాలన్నది వాళ్ల కల. 2011లో అరబ్ దేశాల్లో తిరుగుబాట్లు, సిరియా యుద్ధం, 2014లో క్రిమియా ఆక్రమణ, 2022లో ఉక్రెయిన్ మీద రష్యా దాడి... వలయం నిండా మంటలే లేచాయి. ఉక్రెయిన్, మోల్డోవాలకు 2022 జూన్‌లో అభ్యర్థి హోదా ఇవ్వక తప్పలేదు.

పొరుగు తర్వాత వరస ఎవరిది? పేద దేశాలది. 2001 నుంచి బంగ్లాదేశ్, నేపాల్ లాంటి వెనకబడిన దేశాల సరుకులకి ఆయుధాలు తప్ప అన్నింటికీ సుంకం లేదు. పాకిస్థాన్‌కి 2014 నుంచి ప్రత్యేక రాయితీ హోదా ఉంది. శ్రీలంకకి ఆగిపోయిన ఆ హోదా 2017లో తిరిగి దక్కింది. మామిడి పండించే మెక్సికోతో 2000 నుంచీ, పెరూ, కొలంబియాలతో 2013 నుంచీ వాణిజ్య ఒప్పందాలు అమల్లో ఉన్నాయి. అంటే రాటర్‌డామ్ బజారులో చిత్తూరు డ్రమ్ము పోటీపడేది రంగు, రుచి, ధరతోనే కాదు... పక్కనున్న డ్రమ్ము ఏ దేశపు ఒప్పందం పట్టుకుని వచ్చిందన్నదాంతో కూడా!

భారత్‌ది ఇందులో మధ్యరకం పరిస్థితి. పేద దేశమనుకుని పూర్తి రాయితీ ఇవ్వరు. ఒప్పందమా... అది 2007లో మొదలుపెట్టిన బేరం. కార్ల సుంకం దగ్గర, మద్యం దగ్గర, డేటా భద్రత దగ్గర పేచీలొచ్చి 2013లో ఆగిపోయింది. తొమ్మిదేళ్లు అలా పడి ఉండి 2022 జూన్‌లో మళ్లీ కదిలింది.

ఎర్ర సముద్రంలో తుపాకులు... చెన్నైలో డ్రమ్ములు

2023 నవంబరులో యెమెన్‌కి చెందిన హౌతీలు ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలుపెట్టారు. దాంతో పెద్ద పెద్ద షిప్పింగ్ కంపెనీలు సూయజ్ కాలువ దారి వదిలేసి ఆఫ్రికా ఖండం చుట్టూ, గుడ్ హోప్ అగ్రం మీదుగా ఓడల్ని తిప్పాయి. పది పన్నెండు రోజులు అదనం. ఇంధనం అదనం, బీమా అదనం, కంటెయినర్లు సకాలంలో తిరిగిరావు. ఇవన్నీ కలిసి కంటెయినర్ కిరాయి మీద పడ్డాయి. కొనేవాడు ఆ భారం తనమీద వేసుకోడు. ఫ్యాక్టరీ వేసుకోదు. వరసలో చివర నిలబడేది ఎవరో వేరే చెప్పాలా!

చిత్రమేంటంటే చిత్తూరు గుజ్జుకి యెమెన్ కూడా పెద్ద కొనుగోలుదారే. పేలుళ్ల వార్తల్లో కనిపించే ఆ దేశంలోనూ ఇళ్లల్లో మామిడి రసం తాగుతారు.

అప్పుడు యూరప్ ఏం చేసింది? అమెరికా, బ్రిటన్ 2024 జనవరిలో యెమెన్ మీద బాంబులు వేశాయి. యూరోపియన్ యూనియన్ అలా వెళ్లలేదు. ఫిబ్రవరి 19న ‘ఆస్పిడెస్’ పేరుతో నౌకాదళ బృందాన్ని దించింది. గ్రీకులో ఆ మాటకి డాళ్లు అని అర్థం. ప్రధాన కేంద్రం గ్రీస్‌లోని లరిసా. ఓడలకి కాపలాగా వెళ్లడం, వచ్చిన డ్రోన్లనీ క్షిపణుల్నీ కూల్చడం వరకే దాని పని. నేల మీద దాడి చేయకూడదు. స్పెయిన్ అడ్డుపడలేదుగానీ తన ఓడల్ని పంపనంది. అంతకుముందు 2008లో సోమాలియా సముద్ర దొంగల్ని అడ్డుకోవడానికి ‘అటలాంటా’ పేరుతో ఇలాంటి బృందాన్నే దించారు. అన్ని దేశాలూ కలిసి ఒప్పుకునేసరికి ఇంతమేరకే ఒప్పుకోగలిగాయి. అది తక్కువా ఎక్కువా అంటే... కాపలా ఓడలు వచ్చినా కంపెనీలు చాలాకాలం ఆ దారి తొక్కలేదన్నదే జవాబు.

మన సరిహద్దులో మన గొడవ

యూరప్ దేశాలు ఒక్క మాట మీద ఉండటం ఎంత కష్టమో తెలుసుకోవాలంటే అంత దూరం పోనక్కర్లేదు. 2025 జూన్ చూస్తే చాలు. ఆ ఏడాది తోతాపురి విరగకాసింది. గత ఏడాది గుజ్జే గోదాముల్లో మిగిలిపోయిందనీ, ఎగుమతి ఆర్డర్లు తగ్గిపోయాయనీ ఫ్యాక్టరీలు చెప్పాయి. ధర పడిపోయింది. కోత కూలీ, బండి బాడుగ కూడా రావని కొందరు కాయల్ని చెట్టు మీదే వదిలేశారు. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రాత్రీపగలూ బారులు తీరాయి. ఎండకి కాయ మాగిపోతుంటే లోడు మీదే నిద్రపోయిన కుటుంబాలున్నాయి. కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలివ్వాలి, తాము 4 రూపాయలు కలుపుతాం, మొత్తం 12 అని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది.

అదే సమయంలో, జూన్ 7న, పక్క రాష్ట్రాల తోతాపురి చిత్తూరు జిల్లాలోకి రాకూడదని ఉత్తర్వులొచ్చాయి. సరిహద్దుల్లో తనిఖీలు పెట్టారు. కర్ణాటక భగ్గుమంది. కోలారు, శ్రీనివాసపుర రైతులు ఏళ్లుగా కాయల్ని చిత్తూరు ఫ్యాక్టరీలకే తోలుతున్నారు. ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడికి లేఖ రాశారు. ఒకే దేశం, ఒకే రాజ్యాంగం, దేశమంతా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలని 301వ అధికరణం... అయినా ధర పడిపోయిన రోజున గేటు వేసేయాలనిపించింది. ఇక్కడి రైతుని చూస్తే ఆ గేటు న్యాయమే అనిపిస్తుంది. కోలారు రైతుని చూస్తే అన్యాయం అనిపిస్తుంది. ఇద్దరిదీ అదే కాయ, అదే అప్పు.

యూరప్‌కీ ఇది కొత్తకాదు. ఫ్రాన్స్ రైతులు స్పెయిన్ నుంచి వచ్చే స్ట్రాబెర్రీ లారీల్ని ఆపి, సరుకు రోడ్డు మీద పారబోస్తుంటే ఫ్రాన్స్ ప్రభుత్వం చూస్తూ ఊరుకుంది. కమిషన్ కోర్టుకెక్కింది. 1997 డిసెంబరులో యూరప్ న్యాయస్థానం ఫ్రాన్స్‌ది తప్పని తీర్పిచ్చింది. లోపల గేట్లు లేకుండా చూసుకున్నందువల్లే బయట ఒకటే గేటు పెట్టుకోగలిగారు. మన రెండు రాష్ట్రాలూ కలిసి గుజ్జు ధర గురించి, పంట అంచనా గురించి సీజన్‌కి ముందే ఓసారి కూర్చుని మాట్లాడుకుంటే జూన్‌లో సరిహద్దు దగ్గర పోలీసుల అవసరం ఉండేదా?

సున్నా పాయింట్ సున్నా ఒకటి!

ఇక 2026 జనవరి. గణతంత్ర వేడుకలకి యూరోపియన్ కౌన్సిల్ అధ్యక్షుడు ఆంటోనియో కోస్టా, కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్‌డెర్ లెయెన్ ముఖ్య అతిథులుగా వచ్చారు. మర్నాడు, 27న, దాదాపు రెండు దశాబ్దాల బేరం ముగిసిందని ప్రకటించారు. యూరప్ కార్ల మీద 110 శాతం దాకా ఉన్న మన సుంకం కోటా పరిమితితో దశలవారీగా 10 శాతానికి దిగుతుంది. మనవైపు నుంచి వెళ్లే అత్యధిక సరుకులకి అక్కడ సుంకం తగ్గడమో పోవడమో జరుగుతుంది. పాడి ఉత్పత్తుల జోలికి రానివ్వలేదు. చిత్తూరు జిల్లాలో మామిడి చెట్టు ఏడాదికోసారి డబ్బిస్తే ఆవు రోజూ ఇస్తుంది. యూరప్ పాలపొడి సుంకం లేకుండా దిగితే ఆ రోజువారీ ఆదాయానికే ఎసరు వచ్చేది. సంతకాలు, యూరోపియన్ పార్లమెంటు ఆమోదం లాంటి మెట్లు దాటాకే ఇలాంటి ఒప్పందాలు అమల్లోకొస్తాయి. (బ్రిటన్ సంగతంటారా? అది 2020లో కూటమి నుంచి బయటపడి, 2025 జులైలో మనతో విడిగా ఒప్పందం మీద సంతకం చేసింది. ఇప్పుడైతే పండ్ల పెట్టె గురించి లండన్‌నే అడగొచ్చు!)

సుంకం తగ్గినంత మాత్రాన డ్రమ్ము గడప దాటుతుందా అంటే, దాటదు. ఇంకో తాళం ఉంది. పురుగుమందుల అవశేషాలు. ప్రత్యేకంగా హద్దు చెప్పని ఏ మందుకైనా యూరప్‌లో కిలోకి 0.01 మిల్లీగ్రామే పరిమితి. క్లోరిపైరిఫాస్ అన్న మందు తోటల్లో ఎందరికో తెలిసిన పేరే. దాని అనుమతిని వాళ్లు 2020 జనవరిలో పొడిగించలేదు. ఆ ఏడాది నవంబరు నుంచి పండ్లలో దాని హద్దు 0.01కి దించేశారు. వంద కిలోల గుజ్జులో ఒక్క మిల్లీగ్రాము! ఇది ఏ ఒక్క రైతు తోటలో తేలినా కలిసిపోయిన లాటు మొత్తం తిరిగొస్తుంది. అందుకే కొన్ని ఫ్యాక్టరీలు తోటల్ని ముందే నమోదు చేసుకుని, ఏ మందు ఎప్పుడు కొట్టారో పుస్తకంలో రాయమంటున్నాయి. కోతకి ఎన్ని రోజుల ముందు ఆపాలో చెబుతున్నాయి. పండు ఈగకి మందు బదులు మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు చెట్లకి వేలాడదీయడం ఇంకో మార్గం. ఖర్చు తక్కువ. అయితే పక్క తోటవాడూ కడితేనే ఫలితం. ఈగకి గట్టు తెలీదు కదా.

తిరుపతి జిల్లాకి యూరప్‌తో ఉన్న చుట్టరికం మామిడితోనే ఆగిపోలేదు. శ్రీసిటీలో ఫ్రాన్స్ కంపెనీ ఆల్‌స్టామ్ తయారుచేసిన మెట్రో రైళ్లు ఆస్ట్రేలియాలోని సిడ్నీలో, కెనడాలోని మాంట్రియల్‌లో తిరుగుతున్నాయి. శ్రీహరికోట నుంచి 2024 డిసెంబరు 5న యూరప్ అంతరిక్ష సంస్థ జంట ఉపగ్రహాలు ప్రోబా-3 పైకెళ్లాయి. అది యూనియన్‌కి చెందిన సంస్థ కాదు, వేరే. కానీ అక్కడా పలు దేశాలు ఖర్చు పంచుకునే పద్ధతే.

మామిడి దగ్గరకే వస్తే... పూత డిసెంబరులో మొదలవుతుంది. పిందె నిలబడాలంటే మంచు, తేనెమంచు పురుగు, గాలివాన దాటాలి. మందు కొట్టాలా వద్దా, కొడితే ఏది అన్న నిర్ణయం ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే జరిగిపోతుంది. రాటర్‌డామ్‌లో ఆ డ్రమ్ము మూత తెరిచి నమూనా తీసేది మరో ఏడెనిమిది నెలలకి. అప్పుడు రాసే కాగితం మీద ఉండే అంకెలు ఈ నెలల్లోనే, ఈ తోటల్లోనే పడుతున్నాయి.